భుజం దగ్గర ఆగిన చేతులు

ఆమె ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో కండక్టరు. కుడి చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుని, ఎడమ చేత్తో టిక్కెట్లిస్తూ, ఒక్క గొంతుతో బస్సంతా సర్దేది. కీళ్ళవాతం ముందు మణికట్లకు వచ్చింది, తర్వాత మోకాళ్ళకు. ఉద్యోగం మానేశాక మిగిలింది గొంతే. ఆ గొంతు విని ఆరోగ్య కేంద్రం వాళ్ళు వ్యాయామ తరగతి ఆమెకు అప్పగించారు. ఆరేళ్ళుగా మంగళ, శుక్రవారాల్లో లైబ్రరీ వెనక హాల్లో కీళ్ళవాతమున్న పదకొండు మంది కుర్చీల్లో కూర్చుని, ఆమె ఎత్తినట్టే చేతులెత్తుతున్నారు. తరగతి పొద్దున పది గంటలకు. అంతకుముందు వాళ్ళలో ఎవరి వేళ్ళూ స్వాధీనంలో ఉండవు. ఆమెను అందరూ కండక్టరమ్మ అనే అంటారు.

చలికాలం మొదట్లో ఆమె కుడి భుజం మొరాయించింది. చెయ్యి భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ సంగతి భర్త ఒక్కడికే తెలుసు. రోజూ జడ ఆయనే వేస్తున్నాడు.

"కదలకు. మళ్ళీ పాయ తప్పింది."

"జడేనా అది? తాడు పేనుతున్నట్టుంది."

"నచ్చకపోతే నీ శిష్యుల చేత వేయించుకో. ఇంకెన్నాళ్ళు దాస్తావు?"

"చెబితే ఇంట్లో కూర్చోమంటారు."

"కూర్చో."

"కూర్చుని?"

రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పి వదిలేశాడు.

ఆ శుక్రవారం ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి కొలతలకు వచ్చింది. ఆరు నెలలకోసారి వచ్చి, ఎవరి చెయ్యి ఎంత లేస్తోందో కోణాలు గీసిన ప్లాస్టిక్ కొలబద్దతో చూసి రాసుకుంటుంది. తరగతి నడిపే మనిషిని కూడా కొలవాలని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

ముందు వరసలో కూర్చునే టైలరును మొదట కొలిచింది.

"పోయినసారి నూట నలభై డిగ్రీలు. ఇప్పుడు తొంభై ఐదు. మందులు వేసుకుంటున్నారా?"

"ఒక్కపూటా మానలేదమ్మా."

"నొప్పా?"

"నొప్పి కాదు. బిగిసినట్టుంది. ఎడమది బాగానే ఉంది, చూడండి."

ఒక్కొక్కరినే చూస్తున్నకొద్దీ అమ్మాయి మొహం వాడింది. వెనక వరసలో ఒక్కరు మిగిలి ఉండగానే కండక్టరమ్మను పక్కకు పిలిచింది.

"పది మందికి తగ్గిందమ్మా. ఈ కాగితం చూస్తే పైవాళ్ళు తరగతి దండగంటారు. వచ్చే నెల నుంచి హాలు ఇవ్వరు. మీరేమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదు."

"సరే, ఒకసారి చేయించండి. చూస్తాను."

ఆమె ముందుకొచ్చి కూర్చుంది. "కుడి చెయ్యి. ఒకటి, రెండు, మూడు..." నాలుగు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎదుటి చేతులూ ఆగాయి. చలికాలమంతా ఆ దృశ్యం చూస్తూనే ఉంది. వాళ్ళవీ లేవడం లేదు, అందరిదీ ఒకటే బాధ అనుకుంది. నిజానికి ఆ ఆలోచన ఆమెకు కొంత ఊరటగానే ఉండేది.

"ఐదు, ఆరు."

వెనక వరసలో ఒక చెయ్యి మాత్రం ఇంకా పైకి వెళుతోంది. అది ఇంకా కొలతకు రాని మామ్మది. డెబ్బై ఎనిమిదేళ్ళది. చూపు ఆనదు, ఎక్కడ కూర్చున్నా ఒకటేనని వెనకే కూర్చుంటుంది.

"మామ్మా, నువ్వెందుకు ఆపలేదు?"

"నువ్వు ఆరు దాకా లెక్కపెట్టావుగా! నాకు నీ గొంతే గానీ చెయ్యి ఏనాడు కనిపించింది?"

టైలరు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దిగాలో వద్దో తెలియని ప్రయాణికుడిలా ఆమె చేతివంకే చూస్తున్నాడు.

"తమ్ముడూ, ఇంకా లేస్తుందేమో చూడు."

"మీరు ఆపారుగా అక్కా. తగ్గించారంటే ఏదో కారణం ఉంటుందనుకున్నాం."

అమ్మాయి కాగితాల మీంచి తలెత్తింది.

"కారణం నా భుజం," అంది కండక్టరమ్మ. "చలికాలం నుంచి ఇంతే లేస్తోంది. మీకు చెప్పలేదు."

టైలరు మెల్లగా అన్నాడు. "అందుకా అక్కా ఆ జడ?"

ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఆమెకు నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. లేచి వెనక్కి నడిచి మామ్మ మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వెళ్ళి ముందు కూర్చో మామ్మా."

"నేనా? గుడ్డిదాన్ని పట్టుకెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చోబెడతావటే?"

"లెక్క నేను పెడతాగా. కండక్టరు ఉండేది వెనకేలే."

మామ్మను కూర్చోబెట్టి వచ్చి, వెనక వరసలో ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. అక్కణ్ణుంచి ఎవరి మొహాలూ కనిపించవు. వీపులూ, నెరిసిన తలలూ. అందరూ తననే చూసే చోటు అంత దూరాన ఉంది.

"కుడి చెయ్యి. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

టైలరు చెయ్యి భుజం దగ్గర తడబడి, వేలెడంత పైకి లేచింది. ఆమె ఐదు అనకుండా ఆగింది. ఇంకో వేలెడు లేచాక అంది.

అమ్మాయి కొలబద్దతో వచ్చి పక్కన నిలబడింది.

"ఎత్తండమ్మా."

"ఆరు," అని వాళ్ళకు చెప్పి, ఆమె తన చెయ్యి చాపింది.

అమ్మాయి కొలబద్ద ఆనించి కోణం చూసింది.

"ఎంత?"

"ఎనభై."

"రాసుకో. పన్నెండో పేరు." తల ముందుకు తిప్పింది. "మెల్లగా దించండి. ఆరు, ఐదు..."