ఉనైజాకు జామీను మనిషితో

శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ రాయచోటి నుంచి ఫోన్ చేసి, తన తమ్ముడు మస్తాన్ ఇక్కడ సౌదీలోనే, ఉనైజా ఊళ్ళో, పోలీసుల దగ్గర ఉన్నాడని చెప్పింది. ఖర్జూరాల మార్కెట్లో పికప్ వెనక్కి తీస్తూ ఒక యెమెన్ కూలీ కాలు తొక్కించాడట. పనికి తెచ్చుకున్న కఫీల్ దేశంలో లేడు, ఫోను ఎత్తడు. పిలిచినప్పుడు మనిషిని తెచ్చి అప్పగిస్తానని సౌదీ దేశస్థుడు ఎవరైనా సంతకం పెడితేనే వదులుతారు.

అల్ ఖోబర్‌లో మా ఆఫీసు వాళ్ళను అడిగితే అందరూ చెప్పింది ఒకే పేరు, జలీల్ భాయ్. హైదరాబాద్ మనిషి. జామీనే ఆయన వృత్తి. అయితే ఆయన సంతకం ఏ స్టేషన్లోనూ చెల్లదు. సంతకం పెట్టే సౌదీ తన చేతిలో ఉన్నాడని చెప్పడమే ఆయన చేసే పని.

"ప్రతి ఊళ్ళ నాకొక సౌదీ ఉన్నడు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. దారి ఖర్చులన్నీ నావే అన్నది ఆ మాటలోనే కలిసి ఉందని తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున దమ్మామ్‌లో రైలెక్కాం. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, చూపితేనే టికెట్ ఇస్తారు, మరిచిపోకండి. రైలు శుభ్రంగా ఉంటుంది, చాయ్ మాత్రం నీళ్ళు. కిటికీ సీటు జలీల్ భాయ్ తీసుకున్నాడు. రెండు రోజుల పనికి పెళ్ళికి వెళ్ళేవాడిలా పెద్ద పెట్టె తెచ్చాడు. ఇస్త్రీ నలగకుండా నిటారుగా కూర్చుని, వచ్చే పోయే వాళ్ళందరికీ తన కార్డు పంచాడు.

హఫూఫ్‌లో రాజోలు వైపు మనిషి ఒకామె ఎక్కింది. రియాద్‌లో ఒక సౌదీ ఇంట్లో పని చేస్తుందట. జలీల్ ఆమెకూ కార్డు ఇచ్చాడు.

"జైల్లో ఉన్నోళ్ళని బయటికి తెస్తే మీకేం వస్తాదండీ?" అని అడిగింది.

"పుణ్యం వస్తదమ్మా."

ఆమె కార్డును తిప్పి తిప్పి చూసింది. "పుణ్యానికి రంగుల్లో అచ్చేయించారేంటండీ?"

జలీల్ నవ్వాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఆ రోజంతా నేను నవ్వింది అప్పుడే.

రియాద్‌లో దిగి, టాక్సీలో బస్టాండుకు పోయి, కబ్సా తిని మధ్యాహ్నం బస్సు పట్టుకున్నాం. దారంతా ఎర్ర ఇసుక. ఆ తర్వాత ఉన్నట్టుండి తోటలు మొదలయ్యాయి. రాత్రి ఇషా నమాజు వేళకు ఉనైజా చేరాం. మార్కెట్ దగ్గరి లాడ్జిలో జలీల్ తన సౌదీకి ఫోన్ చేసి, అరబ్బీలో చాలాసేపు నవ్వుతూ మాట్లాడి, "బుక్రా" అన్నాడు. అంటే రేపు.

ఆదివారం పొద్దున స్టేషన్ తెరవగానే వెళ్ళాం. మస్తాన్‌ను కటకటాల బయటి నుంచి ఒక్క నిమిషం చూడనిచ్చారు. గడ్డం మాసిపోయింది, కళ్ళు లోపలికి పోయాయి.

"నేను కావాలని చేయలే బావా. ఆయప్పను ఆస్పత్రికి ఎత్తుకోని పోయింది గూడా నేనే" అన్నాడు.

జలీల్ సౌదీ వస్తూనే ఉన్నాడు. మొదట దారిలో ఉన్నాడు, తర్వాత పెట్రోలు పోయించుకుంటున్నాడు, ఆ తర్వాత ఫోను మోగింది కానీ ఎత్తలేదు. జలీల్ ఏమాత్రం కంగారుపడలేదు. వరండాలో నీడ చూసుకుని, రుమాలు పరుచుకుని, బెంచీ మీద కునుకు తీశాడు. ఆయన్ను చూస్తూ కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. లేచి మార్కెట్‌కు నడిచాను.

ఆ కూలీ పనిచేసే కొట్టు సులువుగానే దొరికింది. అతను కాలికి కట్టుతో స్టూలు మీద కూర్చుని ఖర్జూరాలు ఏరుతున్నాడు. కొట్టు యజమాని అబూ సాలెహ్ అనే ముసలి సౌదీ. ఆఫీసులో నేర్చుకున్న అరకొర అరబ్బీలో మస్తాన్ నా భార్య తమ్ముడని చెప్పాను.

"వదిలేశారనుకున్నాను. ఇంకా లోపలే ఉన్నాడా?" అన్నాడాయన.

"సంతకం పెట్టేవాళ్ళు లేరు."

"మరి నన్ను ఎవరూ అడగలేదే."

కూలీ వైపు చూశాడు. అతను తలూపాడు. ముసలాయన చెప్పులు వేసుకుని నాతో బయల్దేరాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు, "మీవాడు రెండేళ్ళుగా తన పికప్‌లో నా సరుకు మోస్తున్నాడు. ఎక్కడికి పారిపోతాడు?" స్టేషన్లో కాగితం మీద సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, నేను థాంక్స్ చెప్పేలోపే కొట్టుకు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దుహర్ నమాజు తర్వాత మస్తాన్ బయటికి వచ్చాడు. అంతలో జలీల్ లేచి, ముఖం కడుక్కుని, చేతులు చాపుకుని ఎదురెళ్ళాడు.

"చెప్పిన గద. నా జబాన్ అంటే జబాన్."

మస్తాన్ ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేను జరిగింది చెప్పాను. మస్తాన్ కళ్ళు తుడుచుకుని, "అబూ సాలెహ్‌ను పిలిపించింది జలీల్ భాయే గదా బావా" అన్నాడు. జలీల్ అవుననలేదు, కాదనలేదు. వినయంగా నేల చూశాడు. ఆ వినయం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చినప్పుడు మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు. "డ్రైవర్ పనిలో ఏముంది బావా. జలీల్ భాయ్ కింద చేరితే నలుగురికి సాయం చేసినట్టూ ఉంటాది, నాకూ బతుకుతెరువు అయితాది. అడిగినా, సరేనన్నాడు."

"మీ అక్కకు నువ్వే చెప్పుకో" అని బస్సెక్కాను.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ సుఖం ఏమీ లేదు. ఏసీ ఎక్కువ, దుప్పటి ఇవ్వరు. మా వెనక సీట్లో కరీంనగర్ అతను ఒకడు కూర్చున్నాడు. వాళ్ళ రూమ్మేట్ ఉనైజా పక్క ఊరు బురైదాలో లోపల ఉన్నాడట. జలీల్ వెనక్కి తిరిగాడు.

"బురైదా ఎంత దూరం? ఉనైజాల నాకు అబూ సాలెహ్ అని ఒక సౌదీ ఉన్నడు. పెద్దమనిషి. నా మాట కాదనడు."

ఇక ఊరుకోలేకపోయాను. వెనక్కి తిరిగి ఆ కరీంనగర్ అతనితో, "ఈయనకు ఏమీ ఇవ్వకు. మీవాడు పనిచేసే చోటుకు నువ్వే వెళ్ళి, అక్కడి పెద్దమనుషుల్ని నోరు తెరిచి అడుగు. మా వాడు అట్లాగే బయటికి వచ్చాడు" అన్నాను.

అతను నా నలిగిన చొక్కా చూశాడు. జలీల్ తెల్లటి ఇస్త్రీ బట్టలు చూశాడు.

"అన్నా, నువ్వు జర ఎనకకొస్తవా? భాయ్‌తోని మాట్లాడేదుంది" అని నన్నడిగాడు.

నేను లేచి వెనక సీట్లోకి మారాను. రియాద్ వచ్చేదాకా వాళ్ళిద్దరూ తల తిప్పకుండా మాట్లాడుకున్నారు.