బావ లారీ మీది బొగ్గు దుమ్ము

ఈ పొద్దున నేను మా అక్కకు పూడ్చలేని నష్టం చేశాను. మేలు చేస్తున్నాననుకునే చేశాను గానీ, ఆ మాటతో తప్పు చిన్నదైపోదు.

మంచిర్యాలలో కూతురి దగ్గర ఉండే అక్క నన్ను చూడటానికని నిన్న గోదావరిఖని వచ్చింది. వస్తూ వస్తూ పాత చీరముక్కలో చుట్టి జానెడు పొడవున్న రేకు లారీ ఒకటి తెచ్చింది. ఆమె భర్త, మా బావ, తన చేతులతో చేసిన బొమ్మ అది. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటినా, ఎన్ని ఇళ్ళు మారినా, దాన్ని వెంటబెట్టుకునే తిరిగింది. ముందు చక్రం ఊడింది, బిగించి ఇమ్మని నా చేతిలో పెట్టింది. నేనేమో పొద్దున్నే లేచి, చక్రం సంగతి చూసే ముందు, లారీ మొత్తాన్ని కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో తోమి, సబ్బునీళ్ళతో కడిగి, పాత బనీను ముక్కతో తళతళలాడేలా తుడిచిపెట్టాను. ముప్పై ఏళ్ళకు పైగా మోటారు షెడ్డులో మెకానిక్కుగా పనిచేసినవాణ్ణి. బండి షెడ్డులోకి వస్తే ముందు కడగాలి, ఆ తర్వాతే పానా ముట్టాలి అన్నది మాకు మొదటి రోజు నేర్పిన పాఠం. చెయ్యి తన అలవాటు కొద్దీ పని చేసుకుపోయింది. ఆ లారీ మీదున్నది మురికి కాదన్న సంగతి బుర్రకు తట్టనే లేదు.

అక్క చాయ్ గ్లాసుతో బయటికి వచ్చి, చూసి, గ్లాసును గట్టు మీద పెట్టేసింది.

"ఇదెవల్దిరా తమ్మీ?" అంది.

నీదే గదా అక్కా అన్నాను నవ్వుతూ.

"మీ బావ గిసొంటి బండి ఎన్నడు నడపలే," అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను కిరోసిన్ పళ్ళెం వైపు. అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది. బావ ఏడాదిన్నర పాటు పడిన కష్టం అందులో ఉంది.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డెబ్బయ్యో దశకం మొదట్లో గని దగ్గర బొగ్గును లారీలకెత్తి రైలు వ్యాగన్ల దాకా చేరవేసేవారు. బావ అలాంటి ఒక లారీకి డ్రైవరు. డ్యూటీ దిగి, స్నానం చేసి, క్వార్టరు ముందు చాప వేసుకుని రేకు కత్తెర పట్టేవాడు. డాల్డా డబ్బాలు విప్పి క్యాబిన్, పనికిరాని పెట్టెల చెక్కతో వెనక తొట్టి, తెగిన చెప్పుల రబ్బరుతో చక్రాలు, చొక్కా గుండీలతో హెడ్‌లైట్లు చేసేవాడు. నాకు షెడ్డులో కొత్తగా ఉద్యోగం వచ్చింది, అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఆయన పక్కన కూర్చుని నేనూ రెండు మూడు లారీలు కట్టాను. కొలతల్లో, కోతల్లో ఆయన కంటే నాదే చక్కని చేయి అని ఆయనే అనేవాడు.

కానీ బావ అసలు పని రంగు ఆరిన తర్వాత మొదలయ్యేది. కొత్త లారీని తను నడిపే లారీ అంత పాతది చేసేవాడు. బొగ్గు నూరి, పలుచటి గుడ్డలో వడగట్టి, పిండి లాంటి పొడి తీసేవాడు. ఇటుకపొడిని తుమ్మజిగురు నీళ్ళలో కలిపి మడ్‌గార్డుల అంచులకు తుప్పు పట్టించేవాడు. చిక్కటి డికాక్షన్‌ను అగ్గిపుల్ల కొనతో చుక్కలు చుక్కలుగా వదిలి రేడియేటర్ కింద కారిన మరక తెప్పించేవాడు. చక్రాల పక్కన ముందు వానాకాలపు ఎర్ర బురద, అది ఎండాక దాని మీద ఎండాకాలపు తెల్లదుమ్ము, ఆపైన బొగ్గు. నేను తొందరపడి అంతటా ఒకేలా మసి పూస్తుంటే నా చేయి పట్టుకుని ఆపేవాడు.

"దుమ్ము గూడ ఒక తొవ్వల వస్తదిరా బామ్మర్ది. యాడికెల్లి వస్తదో సూశి పుయ్యి," అనేవాడు.

అన్నిటికంటే చివర డ్రైవరు వైపు తలుపు. కిటికీ కింద మోచేయి ఆనే చోట రంగు అరిగి లోపలి రేకు కనపడేదాకా బొటనవేలితో రోజూ కాసేపు రుద్దేవాడు. అది తను కూర్చునే జాగా అని నవ్వేవాడు.

ఆ ఏడాది దసరా ముందు మా షెడ్డులో, పనివాళ్ళు చేత్తో చేసిన వస్తువులను ప్రదర్శనకు పెట్టమన్నారు. పై అధికారులు వస్తారన్నారు. కొత్తగా చేరినవాణ్ణి, నలుగురి కళ్ళలో పడాలన్న ఆత్రం నాకు చాలా ఉండేది. బావ చేసిన లారీల్లో ఒకదాన్ని అడిగి తీసుకుపోయాను. ఆయన సంతోషంగానే ఇచ్చాడు. కానీ అక్కడ బల్లల మీద మెరిసిపోతున్న వస్తువుల మధ్య ఆ లారీని పెట్టగానే నాకు సిగ్గేసింది. ఇంత మాసిన బండి తెచ్చాడేమిటి వీడు అనుకుంటారని భయపడ్డాను. అప్పటికప్పుడు దాన్ని కిరోసిన్‌తో కడిగేసి, షెడ్డులో మిగిలిన పసుపు రంగు వేసి, అంచులకు ఎర్ర గీతలు గీశాను. పేరు రాసుకునే గుమాస్తా చేసిందెవరని అడిగితే నా పేరే చెప్పాను. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతుంది.

బావ డ్యూటీ దిగి, బొగ్గు బట్టలతోనే తన లారీని చూసుకోవడానికి వచ్చాడు. గుంపు వెనక నిలబడి చూశాడు, పక్కనున్న చీటీ మీద నా పేరూ చూశాడు.

"పెండ్లికొడుకు లెక్క తయారు చేసినవ్ బామ్మర్ది. ఇంతకు దీన్ల బొగ్గు పోస్తరా, పూలు పోస్తరా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ నవ్వునే నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను.

నాకు బహుమతిగా మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. లారీని ఒక అధికారి తన గది అలమారాలో పెట్టుకున్నాడు, మళ్ళీ రాలేదు. టిఫిన్‌ను తెచ్చి అక్క చేతిలో పెట్టి, ఆమె ఏదో అడిగేలోపు బయటికి పోయాను. మర్నాటి నుంచి బావ దాంట్లోనే అన్నం తీసుకుపోయాడు. ఒక్క మాట అనలేదు. ఆయన మనసులో పెట్టుకోలేదని నేను నమ్మాను, అలా నమ్మడం నాకు సుఖంగా ఉండింది గనక. తర్వాత ఆయన ఇంకో లారీ చేశాడు, అదే ఇది. ఆ పనిలో నన్ను పక్కన కూర్చోమని పిలవలేదు. నేనూ అడగలేదు. కొన్నాళ్ళకు కామెర్లు వచ్చి మూడు వారాలు దవాఖానలో ఉన్నాడు. ఈరోజు చెప్పేస్తాననుకుని రోజూ వెళ్ళేవాణ్ణి, మంచం పక్కన కూర్చుని క్లచ్ ప్లేట్ల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. ఆ మాటలతోనే ఆయన వెళ్ళిపోయాడు.

పొద్దున అక్క లోపలికి పోయాక చక్రం బిగించబోతూ, లారీని తిప్పి క్యాబిన్‌లోకి చూశాను. నా బ్రష్షు అక్కడిదాకా పోలేదు. సీటు వెనక బావ పూసిన దుమ్ము పొర పొరగా అలాగే ఉంది. అక్కడ ఒక కొక్కేనికి టూత్‌పేస్టు రేకుతో చేసిన చిటికెన వేలి గోరంత టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది. మూడు గిన్నెలు, పైన పిడి. నలభై ఏళ్ళకు పైగా అది అక్కడే ఉంది, నేను ఎన్నడూ లోపలికి తొంగి చూడలేదు.

లేచి వంటింట్లోకి పోయి, అక్క ఎదుట నిలబడి, ఆనాటి బహుమతి లారీ బావదేనని చెప్పాను.

"ఎర్కేరా," అంది అక్క, కూర తరుగుతున్న చేయి ఆపకుండా. "గెలిసినోడు డబ్బ ఊరంత సూపిచ్చుకుంటడు గని, అక్క చేతుల పెట్టి మొకం చాటేస్తడా?"

బావ ఏమన్నాడని అడిగాను.

"ఏమంటడు? 'నా లారీ మోసిన బువ్వ తింటున్న' అని నవ్వెటోడు." తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ అంది, "నువ్వు నోటితోటి ఒక్క మాట చెప్తవేమో అని సూశిండు. దవాఖానల గూడ సూశిండు."

కడిగేసిన ఆ దుమ్మును మళ్ళీ నా చేత్తోనే పూయాలనుకున్నాను.

బజారుకు పోయాను. ఒకప్పుడు ఈ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజుకునేది, ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తేలేది. ఇప్పుడు పిడికెడు బొగ్గు కోసం నాలుగు చాయ్ హోటళ్ళు తిరిగాను, మూడింట్లో గ్యాసే. గనిలో బొగ్గు కదిలే బెల్టుల మీద పోతోంది, మనిషి ఎత్తు దాటిన చక్రాల డంపర్లలో పోతోంది. ఏ డ్రైవరు మోచేయి ఏ తలుపును ఎక్కడ అరగదీసిందో గుర్తుపెట్టుకునేంత కాలం ఒక బండి ఒకరి చేతిలో ఉండటం లేదు.

బొగ్గు నూరాను, వడగట్టాను, ఇటుకపొడి జిగురులో కలిపాను, డికాక్షన్ కాచాను. అక్క పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. క్యాబిన్ లోపల మిగిలిన బావ దుమ్మును చూసి రంగు కలుపుకున్నాను, ఎక్కడ ఎంత పూయాలో అక్క చెప్పింది. ఒక్కో మరక జాగా ఆమెకు తెలుసు. "గక్కడ గాదు, ఇంకింత కిందికి," అంటూ సాయంత్రం దాకా నా చేత చేయించింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. అరిగిన రేకు మీద బావ బొటనవేలి నూనె మరక ఉండేదట, అది నేను తేలేను. అక్క లారీని ఒళ్ళోకి తీసుకుని, తన బొటనవేలిని బొగ్గులో అద్ది, అక్కడ చాలాసేపు రుద్దింది. నా వైపు చూడలేదు.

చివరికి చక్రం బిగించి, లారీని తలకిందులు చేసి, చట్రం కింద సూదితో బావ పేరు, ఇంటిపేరుతో సహా, చెక్కాను. చక్రం నువ్వే ఎక్కించావు గదా, నీ పేరు కూడా రాయమంది అక్క. నేను సూది పక్కన పెట్టేశాను.