తుపాకి రసీదు

ఎన్నికలు ఇంకో రెండు నెలలు సాగే మార్గం ఏమైనా ఉందా అని నన్ను అడిగిన మనిషి నా జీవితంలో ఒక్కరే. ఆమెకు రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు. జువ్వలదిన్నె వైపు ఒక ఊళ్లో వరి పండించే కుటుంబంలోని నడివయసు ఇల్లాలు, మాజీ సైనికుడి భార్య. కావలిలో నా గదికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని మొదట అడిగిన మాట అది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను భార్యాభర్తలకు, కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తాను. మొదట్లో అన్ని రకాల వాళ్లూ వచ్చేవారు. ఒకసారి సెలవు మీద వచ్చిన జవాను ఒకతను భార్యతో కలిసి నాలుగుసార్లు వచ్చాడు. వెళ్లి తోటివాళ్లకు నా గురించి మంచిగా చెప్పినట్టున్నాడు. అప్పటి నుంచి సైన్యంలో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు రావడం మొదలైంది. మందుల షాపు మీద గది నాది. వెనకే రైలు పట్టాలు. గూడ్సు బండి పోతుంటే బల్ల మీద నీళ్ల గ్లాసు వణుకుతుంది. అది దాటేదాకా అందరం మాట ఆపి కూర్చుంటాం.

మా అమ్మకు నా పని మీద పెద్ద గౌరవం లేదు. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అంటుంది. నిఖా వద్దని కూర్చున్నదానివి, మొగుడూ పెళ్లాల మధ్య నీకేం పని అని ఆమె బాధ. పైగా నాకు కోపం ఎక్కువ, నోటి దురుసు ఇంకా ఎక్కువ. ఈ వృత్తికి పనికిరాని గుణాలు రెండూ నాలో ఉన్నాయని ఒప్పుకుంటాను.

ఆమె ఎన్నికల గురించి ఎందుకు అడిగిందో అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లు వాటిని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. కోడ్ ఎత్తేశాక తిరిగి ఇచ్చేస్తారు. ఆమె భర్త హవల్దారుగా రిటైరై, సొంత తుపాకి కొనుక్కుని, ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగం చేశాడు. తర్వాత బ్యాంకువాళ్లు కెమెరాలు పెట్టుకుని కాపలా మాన్పించారు. ఉద్యోగం పోయింది, తుపాకి ఇంట్లో మిగిలింది.

అది ఆయన మంచం కింద ఉండేది. కొన్ని రాత్రులు ఆయన లేచి, దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడట. కళ్లు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకడు. ఒకసారి ఈమె కళ్లు తెరిచేసరికి, తానూ కూతురూ పడుకున్న మంచం పక్కన తుపాకితో నిలబడి ఉన్నాడు. తెల్లారి అడిగితే ఏమీ తెలియదన్నాడు. ఆ నెలలోనే కూతుర్ని చదువు పేరుతో నెల్లూరు హాస్టల్‌కు పంపేసింది. తాను వంటింట్లో లోపల గడియ పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఎలుకల బాధ ఎక్కువైందని, కాపలా పడుకుంటున్నానని ఆయనకు చెప్పిందట.

“ఆయన చెడ్డోడు కాదు మేడమ్. ఒక్కనాడూ చెయ్యెత్తలా. ఈ రెండు నెల్లు ఆ వస్తువు స్టేషన్‌లో ఉండాది, నేను కంటినిండా నిద్రపోయినా. పది రోజుల్లో మళ్లా ఇంటికొస్తాది.”

స్టేషన్‌లో ఒక కాగితం రాసిస్తే తుపాకి ఇవ్వకుండా ఆపుతారని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. పెళ్లామే పోలీసులకు చెప్పిందని ఊళ్లో తెలిస్తే ఆయన తలెత్తుకోలేడంది. కూతురి చదువు గురించి మాట్లాడాలని చెప్పి ఆయన్ను తీసుకొస్తాననీ, తుపాకి సంగతీ గడియ సంగతీ తాను చెప్పినట్టు తెలియనివ్వొద్దనీ నాతో మాట తీసుకుంది. సరేనన్నాను.

నాలుగో రోజు ఇద్దరూ వచ్చారు. ఆయన తెల్లచొక్కా టక్ చేసుకుని, మెరిసే బూట్లతో వచ్చాడు. కూర్చునే ముందు కుర్చీని గోడకు జరిపి, తలుపు కనిపించేలా పెట్టుకున్నాడు. ఏమడిగినా అవును మేడమ్, లేదు మేడమ్. నిద్ర బాగా పడుతుందన్నాడు. ఇబ్బందులేమీ లేవన్నాడు. అరగంట గడిచేసరికి నాలో కోపం మొదలైంది. అప్పుడే గూడ్సు వచ్చింది. గ్లాసు వణికింది. ఆయన ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి కుర్చీ పక్కన గాల్లో దేనికోసమో వెతికింది. బండి దాటిపోయాక కూర్చుని, ఇబ్బందేమీ లేదు మేడమ్ అని మళ్లీ అన్నాడు.

ఇబ్బంది లేకపోతే మీ ఆవిడ వంటింట్లో గడియ పెట్టుకుని ఎందుకు పడుకుంటోంది అన్నా అని అనేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆయన నా వైపు చూడలేదు. భార్య వైపు చూశాడు. ఆమె తన సంచి వైపు చూసుకుంది. పోదాం పా అని ఆయన మెల్లగా అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆమె చెప్పులు మెట్ల మీద టపటపమన్నాయి, ఆయన బూట్ల చప్పుడు మాత్రం వినిపించలేదు.

ఆ రోజు నుంచి నాకు పట్టుకున్న భయం అంతా ఇంతా కాదు. ఆమెకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మర్నాడూ అంతే. కోడ్ ఎత్తేయడానికి ఆరు రోజులుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. పొద్దున్నే పేపరు తీసి ముందుగా జిల్లా పేజీ చూసేదాన్ని. ఆ ఊరి పేరు కనిపించకపోతే ఊపిరి పీల్చుకుని అప్పుడు మొహం కడుక్కునేదాన్ని. ఇంటికి వెళ్లి చూద్దామంటే, నన్ను వాకిట్లో చూసి ఆయనకు ఇంకా ఏం అనిపిస్తుందో తెలియదు. ఒకరోజు పోలీస్ స్టేషన్ గేటు దాకా వెళ్లాను. చెబితే ఆయన పరువు, చెప్పకపోతే ఆమె ప్రాణం. నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. ఆమె క్షేమంగా ఉందని సోమవారం లోపు తెలియకపోతే లోపలికి వెళ్లి అంతా చెప్పేస్తానని నాకు నేనే గడువు పెట్టుకుని తిరిగొచ్చాను. ఆ గడువు కూడా పిరికితనమే. చెప్పాల్సింది ఆ రోజే.

శనివారం పొద్దున ఆయన ఒక్కడే వచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. లేచి నిలబడితే భయపడ్డానని తెలుస్తుందని కూర్చునే ఉన్నాను. ఆయన కుర్చీని గోడకు జరుపుకోలేదు. ఉన్నచోటే కూర్చున్నాడు. ముందు ఆమె ఎలా ఉందని అడిగాను. ఫోన్ నీళ్లలో పడి పాడైందని, వాళ్ల అన్న ఇంటికి వెళ్లి ఉందని చెప్పాడు. తానే పంపించానన్నాడు.

“గడియ సంగతి మీరు చెప్పేదాకా నాకు తెలవదనుకున్నారా మేడమ్? రోజూ వింటానే ఉండా. ఆ గడియ పడిన చప్పుడు వినపడేదాకా నేను పడుకోను. అది పడితేనే నాకు ధైర్యం.”

ఆమె ఏ మనిషికి భయపడి తలుపు వేసుకుందో, ఆ మనిషే తలుపు పడిందో లేదో అని చెవులు రిక్కించి కూర్చునేవాడు. పాపను హాస్టల్‌కు ఎందుకు పంపిందో కూడా తెలుసన్నాడు. మంచం పక్కన నిలబడిన రాత్రి, మెలకువ వచ్చేసరికి తుపాకి తన చేతిలో ఉందని, ఎలా వచ్చిందో తెలియదని చెప్పాడు. తుపాకి స్టేషన్‌లో ఉన్న రెండు నెలలు తానూ హాయిగా నిద్రపోయానన్నాడు. అయినా దాన్ని వదులుకుంటే తనకు ఏ పనీ దొరకదట. అందుకని తెచ్చుకోకుండా ఉండలేనని, తెచ్చుకుంటే ఏమవుతుందో తెలియదని అన్నాడు. మాటల మధ్యలో జేబులోంచి మడతపెట్టిన రసీదు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది మీ దగ్గర పెట్టుకోండి. నేనే వచ్చి అడిగినా ఇయ్యబాకండి మేడమ్.”

రసీదు లేకపోయినా నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగితే తుపాకి ఇస్తారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా తీసుకున్నాను. మా నాన్న దర్జీ. ఆయన పోయాక కుట్టుమిషను మా ఇంట్లో లోపలి గదిలో ఉంది. దాని చెక్క డ్రాయర్‌లో, పాత దారపు కండెల కింద పెట్టాను. హవల్దారును నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. మందులు మొదలయ్యాయి. భార్య ఇంటికి తిరిగొచ్చింది. ఇద్దరూ పదిహేను రోజులకోసారి నా దగ్గరకు వచ్చేవాళ్లు. గడియ గురించి నాతో చెప్పిన మాట ఆమెతో కూడా చెప్పమన్నాను. చెప్పాడు. ఆ రోజు ఆమె చాలాసేపు ఏడ్చింది. నా భయం మాత్రం తగ్గలేదు, ఇల్లు మారిందంతే. ఇదివరకు అది ఆమె ఇంట్లో ఉండేది, ఇప్పుడు మా ఇంటికి వచ్చింది. ఎవరు తలుపు తట్టినా ముందుగా ఆ డ్రాయర్ గుర్తొచ్చేది.

కార్తీకంలో అల్పపీడనం పట్టి మూడు రోజులు ఒకటే వాన. గది తెరవకుండా ఇంట్లోనే ఉన్నాను. పొద్దున పదకొండు గంటలప్పుడు తలుపు తట్టిన చప్పుడైంది. ఆయన. మందుల షాపులో మా ఇల్లెక్కడో అడిగి వచ్చాడట. గొడుగు లేదు, తడిసి ముద్దయ్యాడు. నగల దుకాణంలో గన్‌మ్యాన్‌గా పని దొరికిందట. రేపే చేరాలి, తుపాకితో రావాలి. రసీదు ఇయ్యండి మేడమ్ అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మందులు వేసుకుంటున్నావా అని అడగాలి. అడగలేదు. ఉండన్నా అని లోపలికి వెళ్లాను.

రసీదు ఇవ్వడానికే వెళ్లాను. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పాపం ఉద్యోగం కావాలి, మనిషి బాగుపడ్డాడు, ఆపడానికి నేనెవర్ని అని ఆ నాలుగడుగుల్లోనే నాకు నేను చెప్పేసుకున్నాను. అవన్నీ భయం చెప్పించిన మాటలు. వాకిట్లో ఆ మనిషి ఉండకూడదు, అంతే నాకు కావలసింది. డ్రాయర్ పట్టుకుని లాగాను. రాలేదు. వానకు చెక్క ఉబ్బింది. రెండు చేతులతో లాగాను. మిషను మొత్తం కదిలింది గానీ డ్రాయర్ రాలేదు. మంచం మీద కూర్చున్న అమ్మ నన్నే చూస్తోంది.

వట్టి చేతులతో బయటికి వచ్చాను. డ్రాయర్ రావడం లేదన్నా అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఆయన లోపలికి వచ్చి ఒంటిచేత్తో లాగేస్తాడు. అది తట్టాక ఇంకేం చెప్పాలో తెలియక, నువ్వే ఇయ్యొద్దన్నావు కదన్నా, నేనియ్యను అన్నాను. తలుపు రెక్క పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను.

ఆయన కదల్లేదు. చూరు నీళ్లు ఆయన భుజం మీద పడుతున్నాయి. తర్వాత మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“దారి పొడుగూతా అదే అనుకుంటా వచ్చినా మేడమ్. మీరు గూడా ఇచ్చేస్తే ఎట్టా అని.”

అమ్మ తువ్వాలు తెచ్చిచ్చింది, తర్వాత టీ. ఆయన తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లాడు.

ఇప్పుడు రొయ్యపిల్లల హ్యాచరీలో మోటార్లు చూసుకునే పని చేస్తున్నాడు. లైసెన్సు వదులుకుంటానని భార్యాభర్తలిద్దరూ వెళ్లి నెల్లూరు కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చారు. ఆ కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతోంది. వంటింటి గడియ తీసేయించామని ఆమె చెప్పింది. ఆయన తోటి సైనికులను నా దగ్గరకు పంపుతుంటాడు. ఆ మేడమ్‌కు ధైర్యం ఎక్కువ అని చెప్పి పంపుతాడట. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ నా మొహం చూస్తుంది, నేను వేరే పని చూసుకుంటాను.

రసీదు ఇంకా అక్కడే ఉంది. ఎండలు ముదిరాయి. నిన్న ఊరికే డ్రాయర్ లాగి చూశాను, చిటికెన వేలికి వచ్చేసింది. మళ్లీ మూసి, చాలాసేపు దాని ముందే కూర్చున్నాను.