మా ఇంట్లో మానేసిన కూరలు

మా ఇంట్లో పనసపొట్టు కూర వండరు. శనగపిండిని గడప తొక్కనివ్వరు. ఏదో మొక్కు కోసం వదిలేశామనుకునేరు, అదేం కాదు. పనసపొట్టు మా మామగారిని చంపింది. శనగపిండి మా బావగారిని చంపింది. నమ్మకపోతే మా అత్తగారిని అడగండి.

విజయవాడ వన్ టౌన్‌లో మాది బెల్లం, చింతపండు హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, దాని వెనక గోడౌను, పైన రెండో అంతస్తులో కాపురం. నేను దివిసీమ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే మామగారు పోయారు. ఎవరిదో పెళ్ళిలో పనసపొట్టు కూరతో భోజనం చేసి వచ్చి, ఛాతీ పట్టేసిందంటూ మంచం మీద కూర్చున్నారు. వాము నమిలించారు, గోలీసోడా తాగించారు, వీపు నిమిరారు. ఆయన పెద్దగా త్రేన్చారు కూడా. "హమ్మయ్య, గ్యాస్ వదిలింది" అంది అత్తగారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన పక్కకి ఒరిగిపోయారు.

కొన్నేళ్ళకి బావగారు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్నారు, గల్లాపెట్టె ముందు కూర్చుని చెమటలు కక్కారు. మళ్ళీ వాము, మళ్ళీ సోడా. "గ్యాస్ గుండెకి తన్నింది పాపం" అన్నారు చూడవచ్చినవాళ్ళంతా. పెదకర్మ అవగానే శనగపిండి డబ్బా వీధిలోకి పోయింది. మా ఇంటా వంటా గుండెజబ్బు లేదమ్మా, మాకు గ్యాసే శత్రువు అని అత్తగారు చెబుతుంటే వీధిలో ఒక్కరు కూడా అదేమిటని అడగలేదు. ఎలా అడుగుతారు? వాళ్ళ ఇళ్ళలోనూ గ్యాస్‌తో పోయినవాళ్ళు ఉన్నారాయె. ఇక్కడ అనుమానపడితే ఇంటికెళ్ళి అక్కడా అనుమానపడాలి.

నాకు మాత్రం కంచంలో కూర వడ్డించిన ప్రతిసారీ భయమే. వంట నాది కదా. రేపు మా ఆయన ఏది తిని కూలబడితే ఆ కూరా పోతుంది, దాన్ని వండినదాన్ని నేనూ పోతాను.

ఒక్కసారి తెగించాను. అత్తగారు చింతపండులో పిక్కలు తీస్తోంది. పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, మామయ్యగారిదీ బావగారిదీ గుండెపోటేమోనండీ. ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే..." అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"అంటే ఏంటే? మొగుణ్ణీ కొడుకునీ నా చేత్తో సోడా పట్టించి చంపుకున్నానంటావా?"

గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా బాగుండేది. గ్యాస్ అన్నంతకాలం తప్పు పనసపొట్టుది. గుండె అన్న రోజున ఆ తప్పు ఆవిడ నెత్తి మీద పడుతుంది, దాన్ని మోస్తూ ఈ వయసులో ఎలా బతుకుతుంది? ఇంక ఆ మాట నేను ఎత్తలేదు.

మొన్న ఎండాకాలంలో ఒకనాడు కంద బచ్చలి వండాను. మా ఆయన మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చి, రెండు ముద్దలు తిని ఆగారు. ఎడమ చేత్తో ఛాతీ రాసుకుంటున్నారు. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదే. గ్యాస్."

అత్తగారు గదిలోంచి వచ్చి కొడుకు మొహం చూసింది. తర్వాత నావైపు తిరిగింది. "ఏం వండావే ఇవాళ?"

"కందండీ."

"కందా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. "ఏవండీ, ఆసుపత్రికి పోదాం పదండి" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? కింద చింతపండు లారీ దిగుతోంది. ఓ సోడా తెప్పించు చాలు."

"బావగారికీ ఇలాగే..."

"మా అన్నకి గ్యాస్, నాకూ గ్యాసే. నొప్పి నాకైతే గోల నీదేంటే? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అని కంచంలో కందని చూపించి నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

అప్పుడు వినపడింది వాము డబ్బా మూత తీసిన చప్పుడు. ఆ చప్పుడు ఆ ఇంట్లో రెండు చావులకి ముందు విన్నాను. ఏం చెయ్యాలి దేవుడా? కాళ్ళు పట్టుకుంటే వస్తాడా ఈ మనిషి? మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఎత్తుకెళ్ళడానికి నాకు బలమేదీ? ఏ దేవత పలికించిందో గానీ, "అమ్మో!" అని అరిచి నా ఛాతీ పట్టుకుని గోడకి జారగిలబడ్డాను. "నొప్పండీ, ప్రాణం పోతోంది!"

ఇద్దరూ కంగారుగా నా దగ్గరికొచ్చారు. వాళ్ళ వంశానికి గుండెజబ్బు రాదు గానీ, బయటినుంచి వచ్చిన కోడలికి రావడానికి అభ్యంతరమేముంది! "మీ పుట్టింటివైపు ఉందేమోనే" అన్నారాయన, నుదుటి చెమట తుడుచుకుంటూ. "ఔన్రా, వాళ్ళవి ఉప్పునీళ్ళు. వాళ్ళకుంటుంది. తీసుకెళ్ళరా నాయనా" అంది అత్తగారు. నాకు సోడా ఇవ్వాలని ఆవిడకి తోచనే లేదు.

ఆయన నన్ను పట్టుకున్నారు, నేను ఆయన్ని మోశాను. అలా మెట్లు దిగాం. ఆటో ఎక్కాం. సందు నిండా తోపుడుబళ్ళు, బస్తాలు దింపుతున్న లారీలు. రైల్వే అండర్ బ్రిడ్జి దగ్గర కదలికే లేదు. "హారన్ కొట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది" అని డ్రైవర్ని బతిమాలుతూ మూలుగుతున్నాను. చూపు మాత్రం ఆయన పెదాల మీదే. అవి తెల్లబడుతున్నాయి. "భయపడకే, నీకేం కాదు, నేనున్నాగా" అంటూ నా చెయ్యి నిమురుతున్నారు. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. ఈ మనిషి ఈ ఆటోలోనే, నాకు ధైర్యం చెబుతూనే పోతాడేమో అనిపించి ఏడుపొచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని మరీ దగ్గరికి తీసుకున్నారు.

గవర్నర్‌పేటలో ఆసుపత్రి ముందు దిగాం. ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. "మా ఆవిడకండీ" అన్నారాయన. నిజం చెబితే ఈయన వెనక్కి తిరిగి కొట్టుకి పోతారు. అందుకని నాటకం రక్తి కట్టించాను.

"ఎలా ఉంటుందమ్మా నొప్పి?"

"మెట్లెక్కితే ఆయాసమండీ. మొదటి మలుపులో గోడ పట్టుకుని ఆగకపోతే పైకి రాలేను. బకెట్ ఎత్తితే ఎడమ భుజం లాగుతుంది. ఒక్కోసారి దవడ కూడా పట్టేస్తుంది. కార్తీకం నుంచీ ఇంతే."

అబద్ధం అతికినట్టుండాలి కదా, నోటికి దొరికినవన్నీ చెప్పేశాను. ఆవిడ ఈసీజీ తియ్యాలంది. "ముందు ఆయనకి తియ్యండమ్మా. నాకు ఆ వైర్లు చూస్తే భయం. ఆయన పడుకుంటే నాకు ధైర్యం వస్తుంది" అని చేతులు పట్టుకున్నాను, కళ్ళతో ఆయన చొక్కా చూపించాను. ఆవిడకి అర్థమైంది. "పిరికిదానా" అంటూ ఆయన పడుకున్నారు.

కాగితం బయటికి వస్తోంది. డాక్టరమ్మ దాన్ని చూసి, "స్ట్రెచర్!" అని అరిచింది. నలుగురు పరిగెత్తుకొచ్చారు. తోసుకుపోతుంటే ఆయన తల తిప్పి నన్ను వెతుక్కున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ కళ్ళలో అంత భయం నేను చూడలేదు.

"గ్యాసే కదే?"

"ఔనండీ, గ్యాసే" అన్నాను. ఇంకేమనగలను?

ఎలాగూ నా పేరు రాశారు కదా అని నర్సు నన్నూ పడుకోబెట్టి ఈసీజీ తీసింది. ఏం తీస్తోందో కూడా నాకు పట్టలేదు. చెవులన్నీ ఆ తలుపు వైపే. తర్వాత ఆ తలుపు ముందు కూర్చుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, గుణదల మేరీమాతకి కూడా. అత్తగారు ఫోన్ చేసింది. ఆపరేషన్ చేస్తున్నారని, ఆవిడ కొడుక్కేనని చెప్పాను. "కంద కూర పారబోశానే" అంది ఆవిడ.

డాక్టరమ్మ వచ్చింది. రక్తనాళం మూసుకుపోయిందట, తెరిచి స్టెంట్ వేశారట, గండం గడిచిందట. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. "నన్ను క్షమించమ్మా. నాకే నొప్పీ లేదు. ఆయన్ని ఇక్కడికి తేవడానికి నాటకమాడాను."

ఆవిడ నవ్వలేదు. చేతిలో నా ఈసీజీ కాగితం ఉంది. "నొప్పి నాటకమే అనుకుందాం. మెట్ల మలుపులో ఆగడం కూడా కల్పించారా?"

కాదు. రోజూ ఆగుతాను. గాలి కోసం ఆగుతున్నాననుకునేదాన్ని. అక్కడ కిటికీ లేదు, గోడే ఉంది.

"భుజం? దవడ?"

అవీ కల్పించలేదు. బట్టల బకెట్ బరువనుకున్నాను. పిప్పిపన్ననుకున్నాను. ఈ డాక్టరమ్మకి నేను చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. బల్ల అంచు పట్టుకున్నాను.

"మీ ఈసీజీ కూడా బాగాలేదమ్మా. ఇవాళే మీరు కూడా అడ్మిట్ అవ్వాలి."

అత్తగారిని ఇన్నేళ్ళు మనసులో వేలెత్తి చూపినదాన్ని, భర్తని యముడి నోట్లోంచి లాక్కొచ్చినదాన్ని. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట నా చెవులతో నేనే విన్నాను.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదండీ. గ్యాస్ ఏమో."