మల్లన్న గిన్నె

పలాసలో మేం జీడిపప్పు ఒలిచే షెడ్డులో ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే పీట మీద కూర్చున్నాక, చేతికి వచ్చిన మొదటి నిండు పప్పుని, ఎక్కడా విరగనిదాన్ని, ప్రతి మనిషీ ఇత్తడి గిన్నెలో వేసేది. అది రావివలస ఎండల మల్లన్న వాటా. కార్తీక సోమవారం నైవేద్యానికి పట్టుకెళ్లేవాళ్లం. షెడ్డు సావుకారు ఎన్నడూ అడ్డు చెప్పలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

నేను బడికి వెళ్లలేదు. మా నాన్న అరుగు మీద ఇసక పోసి అక్షరాలు దిద్దించాడు. ఆయన చలవ వల్ల, అన్నాల వేళ షెడ్డులో పేపరు చదివి వినిపించడం నా వంతయింది. పక్క పీట మా వదినది, మా పెద్దన్నయ్య భార్య. నన్ను ఆ పనిలో పెట్టింది, పొట్టు గీరడం నేర్పింది ఆమే.

కరోనా వచ్చి షెడ్డుకి తాళం పడింది. మొదటి వారం, దేవుడు చేతులకి సెలవిచ్చాడనుకున్నాను. పొట్టు గీరీ గీరీ అరిగిపోయిన గోళ్లు మళ్లీ మొలిచాయి. నెల తిరిగేసరికి ఆ గోళ్లు చూసుకుంటే భయం వేసేది. ఇంట్లో రేషను బియ్యం, పెరట్లో మునగాకు. వాటికీ దణ్ణం పెట్టుకునే తిన్నాం.

తాళం తీశాక అందరినీ పిలిచారు. గిన్నెలో మళ్లీ పప్పు పడింది. కొన్నాళ్లకి షెడ్డు మూల పెద్ద పెట్టెలు దిగాయి. పొట్టు తీసే మిషను ఒకటి, రంగు చూసి పప్పు ఏరేది మరొకటి.

"అప్పు తెచ్చి పెట్టినానమ్మా. సరుకెక్కువైతే పనీ ఎక్కువవుతాది. మీకేటి బెంగ?" అన్నాడు సావుకారు. మిషను బిగించడానికి వచ్చిన మనిషిని చూపించి, "మంచి పప్పు ఎలాగుంటాదో ముందు ఈ మిసనుకి సూపించాలట. మీకన్నా తెలిసినోళ్లెవులు?" అని అడిగాడు.

నా మనసు పొంగిపోయింది. ఇరవై ఏళ్లలో మా కంటిని ఎవరూ అలా మెచ్చుకోలేదు. ఏరిన నిండు పప్పంతా మల్లన్న గిన్నెలోనే ఉంది, లేచి దాన్ని తీశాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"ఒలే, అది సామిదే!"

"సామి పేరున మొదలెడితే మిసను సల్లగా నడుత్తాది వదినా. మనకీ పని పెరుగుతాది."

ఆ మనిషి మా పప్పుని మిషనులో పోశాడు, తీశాడు, మళ్లీ పోశాడు. పొద్దు వాలేలోగా మా కళ్లకి తెలిసిందంతా దానికి వచ్చేసింది. నేను దానికి బొట్టు కూడా పెట్టాను.

తర్వాతి నెలలో పీటలు గోడకి చేర్చేశారు. "కొన్నాళ్లు ఆగండమ్మా, కబురెడతాను" అన్నాడు సావుకారు. ఆగాం. ఒకరోజు అలవాటు కొద్దీ వదిన ఇంటి అరుగు మీద పేపరు చదివాను. దేశం కోలుకుందట, పెట్టుబడులు వస్తున్నాయట, ఫ్యాక్టరీల్లో సరుకు ఎన్నడూ లేనంత తయారవుతోందట.

"ఎవులు కోలుకున్నారటే? ఆ ముక్క ఎయ్యలేదేటి?" అంది వదిన.

నేను కిందిదాకా వెతికాను. వెయ్యలేదు.

కబురు వచ్చింది. నా ఒక్కదానికే. మిషను వదిలేసిన పప్పుని మళ్లీ చూసుకోవడానికి ఒక మనిషి కావాలట. "గిన్నె తెచ్చిచ్చినావు కదమ్మా, నీకే ఇవ్వాలనిపించింది" అన్నాడు. వదిన సంగతి అడుగుదామని నోరు తెరిచాను. "సల్లగా ఉండండి బాబూ" అన్న మాటే బయటికి వచ్చింది.

వదిన ఇప్పుడు టెక్కలి బస్సెక్కి ఇటుకలు మోయడానికి వెళ్తోంది.

మొన్న కార్తీక సోమవారానికి గిన్నె ఖాళీ. నా చేతికి వచ్చేవన్నీ మిషను కాదన్న పప్పులు, వాటిలో ఏది స్వామికి పెట్టను? సావుకారుని అడిగితే ప్యాకెట్టు చింపి గుప్పెడు పోశాడు. రావివలసలో స్వామి ఎప్పటిలాగే గూడు లేకుండా ఎండలో ఉన్నాడు. నా పీట నిలబెట్టినందుకు దణ్ణం పెట్టాను. ప్రసాదం కొంగున కట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను.

ప్రసాదం వదినకి ఇవ్వబోయాను. ఇటుక దుమ్ముతోనే ఉంది, చెయ్యి చాపలేదు.

"సామి సొమ్ము తీసి మిసనుకెట్టినావు. ఆయన నీ పని నిలబెట్టినాడు. నువ్వే తిను."

పప్పు నా అరచేతిలోనే ఉండిపోయింది. ఎక్కడా విరగలేదు, పొట్టు నలుసు లేదు. మనిషి గోరు గీరిన గుర్తు కూడా లేదు.