శ్రుతి దించేది లేదు

ముసలి ఆర్కెస్ట్రాలు మళ్ళీ స్టేజీ ఎక్కకూడదని అందరికీ చెప్పేదాన్ని నేనే. పాత అభిమానంతో వచ్చిన జనం జాలిపడి చప్పట్లు కొట్టి పోతారు, అంతకన్నా అవమానం ఉందా అనేదాన్ని. అట్లాంటి నేను పోయిన నెల ఆళ్లగడ్డలో పట్టుచీర కట్టుకుని మైకు పట్టుకున్నాను.

ఒకప్పుడు నంద్యాలలో మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. కీబోర్డు అన్న, గిటారాయన, డ్రమ్సాయన, నేను. చర్చి క్వయర్‌లో పాడుతుంటే విని, మా నాయనను ఒప్పించి నన్ను చేర్చుకున్నది అన్నే. చాగలమర్రి నుంచి ఆత్మకూరు దాకా మేం పాడని పెళ్లి లేదు. డీజేలొచ్చాక విడిపోయాం, నేను బడిలో టీచరుగా చేరాను. ఇప్పుడు డ్రమ్సాయన కూతురి పెళ్లి. "మీరు రాకుంటే అది పెండ్లే కాదు" అని పట్టుబట్టాడు.

"వస్తా గానీ శ్రుతి దించేది లేదు," అని ఫోన్లోనే అన్నకు చెప్పాను. "నాది ఐదున్నర శ్రుతి. అందకపోతే దిగిపోతా. నన్ను ముసలిదాన్ని చేస్తే ఊరుకోను."

"నీ ఇష్టం పాపా," అన్నాడు.

ఫంక్షన్ హాల్లో వాళ్లను చూసి అదిరిపోయాను. గిటారాయన జుట్టుకేసిన నల్లరంగు చెమటకు చెవుల మీదికి కారుతోంది. డ్రమ్సాయన మోకాళ్లు వంగక స్టూలు మీద రెండు దిండ్లేశారు. అన్నకు చెవి మిషను. పైకి నవ్వాను గానీ, వీళ్లకు నేనూ ఇట్లాగే కనిపిస్తున్నానా అని లోపల భయమేసింది.

పాట మొదలైంది. చరణంలో గొంతు పైకి వెళ్లాల్సిన చోటు కోసం బిక్కుబిక్కుమంటూ కాచుకున్నాను. అందింది! వణకను కూడా లేదు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు అని నాకు నేనే చెప్పుకున్నాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

చప్పట్లు ఆగకముందే డ్రమ్సాయన మైకందుకున్నాడు. "ఆగండప్పా, మా పాత క్యాసెట్టు పెన్‌డ్రైవులో ఎక్కించినా, అది గూడా వినండి!"

అదే పాట, పాడుతున్నదీ నేనే. కానీ ఆ గొంతు ఎక్కడో పైనుంచి వస్తోంది. ఇప్పుడు నేను పాడింది దానికి బాగా కింది శ్రుతిలో. ఒక్క వరస వినేసరికే విషయం అర్థమైపోయింది.

కీబోర్డు దగ్గరికి వెళ్లాను. ఒక బటన్ నొక్కితే చాలు, వేళ్లు మారకుండానే శ్రుతి దిగిపోతుంది దాంట్లో. అన్న తల ఎత్తలేదు.

"ఎంత దించినావన్నా?"

"మూడు మెట్లు."

"నాకు చెప్పకుండానా?"

"చెప్తే పాడతావా నువ్వు?"

"వీళ్లకు తెలుసా?"

"తెలీకుండా యాడ? గిటారు తీగలు దించుకోకుంటే నాతో కలుస్తాదా?" వేలితో బటన్ చూపించి మళ్లీ అన్నాడు. "ఈ పొద్దు కొత్తగా చేసిందేం కాదులే. మనం ఆపేసిన యేడాదే ఒక మెట్టు దించినా. అప్పుడు గూడా నీకు తెల్లేదు."

గొంతు బాగుండగానే పాట మానేసినదాన్నని ఇన్నేళ్లూ బళ్లో గొప్పలు పోయాను. అది నిజం కాదని నాకు తప్ప మా ఆర్కెస్ట్రాలో అందరికీ తెలుసు. అన్న మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

కింద జనం ఇంకోటి, ఇంకోటి అని అరుస్తున్నారు. అన్న బటన్ మీద వేలు పెట్టి, మొట్టమొదటిసారి నన్ను అడిగాడు.

"చెప్పు పాపా, ఎంతలో పాడతావ్?"

నా శ్రుతి ఎంతో ఇప్పుడు నాకే తెలియదు.