సరి, బేసి, ఒక శనగగింజ

నా చిన్నప్పుడు మా తాతయ్య గుప్పెడు శనగలను అడగకుండా ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు. కళ్ళు మూసుకుని సంచిలోంచి పిడికిలి నిండా తీసేవాడు. గింజలు సరి వస్తే ముందుకు, బేసి వస్తే ఆగిపోవటం. ఎద్దును కొన్నా, బావి తవ్వినా ఇదే తంతు. మాది కోదాడ దగ్గర, అనంతగిరి పక్కన చిన్న ఊరు.

లెక్క తేల్చే పని మా నాయనమ్మది. ఆమె చేటలో గింజలను మూడేసి కుప్పలు పెట్టేది. ప్రతి కుప్పలో రెండు గింజలు గిన్నెలో వేసి, మిగిలిన ఒక్కదాన్ని పై వరుసలోకి జరిపేది. మూడుకు చాలక ఒకటో రెండో మిగిలితే అవి కింది వరుసలోనే ఉండిపోయేవి. పై వరుసలో మళ్ళీ మూడేసి, మళ్ళీ ఆ పైకి. చివరకు గుప్పెడంతా కరిగి, వరుసకు రెండుకు మించకుండా కొన్ని గింజలు మిగిలేవి. అవి సరి అయితే గుప్పెడూ సరే. నేను నమ్మక అన్నీ కలిపి జతలు జతలుగా ఎంచి చూసేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు. గిన్నెలో పడేవి ఎప్పుడూ జతలే కదా, ఇక బేసి సరి ఎట్లా అవుతుందని చాలా రోజులకు గాని తట్టలేదు.

నిజాం రాజ్యం కూలిపోయే ముందు రోజులవి. చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళు తగలబెడుతున్నారని కబుర్లు వచ్చేవి. మా వీధిలో సగం మంది సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరారు. మా అమ్మకు నెలలు నిండాయి. నాన్న బండి కట్టి వాకిట్లో నిలబడ్డాడు. తాతయ్య మాత్రం శనగల సంచి తెమ్మన్నాడు. బేసి వస్తే అందరం ఉండిపోవాల్సిందే, ఆయన మాటకు ఎదురు లేదు.

తాతయ్య పిడికిలి చేటలో వదిలి, అలవాటు ప్రకారం తూర్పుకు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నాయనమ్మ లెక్క తేల్చింది. కింది వరుసలో రెండు, దాని పైన ఖాళీ, ఆ పై మూడు వరుసల్లో ఒక్కొక్కటి. ఐదు. బేసి. నాయనమ్మ మంచం మీద ఉన్న అమ్మను ఒకసారి చూసి, అన్నిటికన్నా పైనున్న గింజను నోట్లో వేసుకుంది.

"ఇగ సూడు," అంది.

తాతయ్య వంగి ఎంచాడు. "సరి వచ్చింది. ఎక్కుండ్రి బండి," అన్నాడు.

దారిలో నేను ఆమె చెవిలో, "దేవుని గింజ తిన్నవు గదా నాయనమ్మా," అన్నాను. నిజంగానే భయపడ్డాను.

"దేవుడు గింజలే ఇచ్చిండా బిడ్డా? నోరు గూడ ఇచ్చిండు," అంది.

తమ్ముడు జగ్గయ్యపేటలో పుట్టాడు. మేము తిరిగి వచ్చేసరికి మా ఇంటికి గోడలే మిగిలాయి. వాటిని చూసి తాతయ్య, శనగలు ఎప్పుడూ తప్పు చెప్పవన్నాడు.

చాలా ఏళ్ళకు కాలేజీలో మాస్టారు సంఖ్యలను మూడు ఆధారంగా రాయటం చెబుతుంటే నాకు ఆ చేట కనబడింది. వరుసల విలువలు ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి. అన్నీ బేసే, కాబట్టి ఏ వరుసలో ఒక్క గింజ తీసినా గుప్పెడంతా తిరగబడుతుంది. అంటే మా నాయనమ్మ ఆ రోజు నమిలింది ఒకటి కాదు, ఎనభై ఒక్క శనగలు.

తాతయ్య అలవాటు నాకూ అబ్బింది. ఇంట్లో ఎవరు ప్రయాణమన్నా గుప్పెడు శనగలు తీసి చూడనిదే మనసు ఒప్పదు. సరి వస్తే సంచిలో పోసేస్తాను. బేసి వచ్చి, పోక తప్పని ప్రయాణమైతే, ఒకటి నోట్లో వేసుకుంటాను. ఇప్పుడు పళ్ళు లేవు కనుక, నానేదాకా బుగ్గన పెట్టుకుని వాళ్ళను సాగనంపుతాను.